ముప్పై నాలుగు అంగుళాల బావ

డిపో విశ్రాంతి గది,
సోమవారం, రెండో ట్రిప్పుకి ముందు

ఒరేయ్ బామ్మర్దీ,

ఇంట్లో అందరూ క్షేమం. నేను మాత్రం క్షేమం కాదు. ఫోను చేయకుండా ఉత్తరం ఎందుకంటావా? ఫోనులో నేను "హలో" అంటే చాలు, మీ అక్కకి వంటింట్లోంచే సంగతంతా తెలిసిపోతుంది. అందుకని మీ ఊరి రూటు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. జవాబు కూడా అతని చేతికే ఇవ్వు. అతను ఎవరి దగ్గరా నోరు విప్పడు. ఆ నోట్లో ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉంటాడు.

సంగతేమిటంటే, డ్రైవర్లకి ఏటా జరిగే వైద్య పరీక్ష మొన్న జరిగింది. పాత డాక్టరు మంచివాడు, మనిషి ముఖం చూసి సంతకం పెట్టేవాడు. ఆయన రిటైరయ్యాడు. ఈసారి ఒక డాక్టరమ్మ వచ్చింది, మన ముందు చిన్నపిల్ల. చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది, వేలు పొడిచి రక్తం చూసింది, తూకం ఎక్కించింది. అక్కడితో ఊరుకోక నడుముకి టేపు చుట్టి "నలభై రెండు" అంది. నేను వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరైనా నిలబడ్డారేమోనని.

"ముప్పై నాలుగండీ" అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"మా బామ్మర్ది. దర్జీ. పెళ్ళయినప్పటి నుంచీ నా ప్యాంట్లన్నీ వాడే కుడతాడు. పద్దెనిమిదేళ్ళుగా అదే కొలత."

డాక్టరమ్మ నర్సు వైపు చూసింది. నర్సు కిటికీ వైపు చూసింది.

ఆసుపత్రి టేపు వాడీ వాడీ సాగిపోయిందని నా అనుమానం. కానీ వాళ్ళు వింటేనా? బీపీ నూట అరవై మీద వందట, షుగరు గీత దాకా వచ్చి కూర్చుందట, బరువు తొంభై నాలుగట. మాత్ర రాసిచ్చి మూడు నెలలు గడువు పెట్టింది. బీపీ, షుగరు దిగి, ఒక అయిదారు కిలోలు తగ్గితే సరే. లేకపోతే నన్ను బస్సు దింపి పాసుల కౌంటర్లో కూర్చోబెడతారు.

ఒరేయ్, ఇరవై రెండేళ్ళుగా స్టీరింగు పట్టుకున్నవాణ్ణి. గాజు పలక వెనక కూర్చుని, అరచేతి మందం కన్నంలోంచి "ఫొటో ఏదీ, సంతకం ఏదీ" అంటూ బతకడం నా వల్ల కాదు. బస్సు దిగితే నేనెవణ్ణో నాకే తెలీదు.

కాబట్టి నా నడుము ముప్పై నాలుగని నీ దుకాణం కాగితం మీద రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టి పంపు. ఇదివరకోసారి రెడీమేడ్ కొట్లో ముప్పై నాలుగు ప్యాంటు వేసి చూస్తే తొడ దాటలేదు. కంపెనీలవాళ్ళు గుడ్డ మిగుల్చుకుంటున్నారని అప్పుడే అనుకున్నాను. ఈ రోజుల్లో నిజాయితీగా కొలిచేవాడివి నువ్వొక్కడివే.

మీ బావ

—

దుకాణం,
బుధవారం, మిషను ఆపి

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. కాగితం ఉంది, ముద్ర ఉంది, ముద్రకి సిరా కూడా ఉంది. రాయడానికే చెయ్యి రావడం లేదు.

ముందుగా ఒక చిన్న మాట. టేపు సాగితే అంకె తగ్గుతుంది గానీ పెరగదు బావగారూ. ఆడలేక మద్దెల ఓడన్నట్టు టేపుని తిట్టకండి.

ఇక పెద్ద మాట. నా కొలతల పుస్తకంలో మీ పేజీ మీరు చాలాసార్లు చూశారు. అందులో 34 పక్కన సిరాతో పెట్టిన చుక్కలుంటాయి. ఇవేంటని ఓసారి మీరడిగితే "ముఖ్యమైనవాళ్ళకి పెట్టే గుర్తులు" అన్నాను. మీరు మురిసిపోయి పక్క సెలూనాయన్ని పిలిచి మరీ చూపించారు. ఒక్కో చుక్క ఒక్కో అంగుళం. మీకిప్పటికి ఎనిమిది చుక్కలు.

ఎందుకిలా చేశానో చెబుతాను. మీ పెళ్ళయిన రెండో ఏడు కొలిస్తే ముప్పై అయిదు వచ్చింది. చిన్నవాణ్ణి, తెలివి లేక పైకి చదివేశాను. మీ ముఖం మాడిపోయింది. ఆ వారమంతా మీరు సరిగా అన్నం ముట్టలేదని అక్క వచ్చి మా అమ్మ దగ్గర ఏడ్చింది. పై ఏడు ముప్పై ఆరు వచ్చింది. నోటిదాకా వచ్చిన అంకె మింగేసి "అదే ముప్పై నాలుగు బావగారూ, రాయిలా ఉన్నారు" అన్నాను. మీరు నా వీపు తట్టి టీ ఇప్పించారు. ఆ తర్వాత ఆపడం నాకు చేతకాలేదు. లోపల గుడ్డ వదలడం, నడుం పట్టీ వెనక ఎలాస్టిక్కు దాచడం, ఇదే పని.

తప్పే, తిట్టండి. కానీ ముద్ర కొట్టిన కాగితం మాత్రం పంపలేను. నోటితో చెప్పిన అబద్ధానికే నిద్ర పట్టక చస్తున్నాను.

మీ బామ్మర్ది

—

డిపో,
శుక్రవారం

మహారాజశ్రీ దర్జీగారి సమక్షమునకు,

తమ లేఖ చేరినది. తమరు పద్దెనిమిది సంవత్సరములుగా నా నడుమునకు చుక్కలు పెట్టుచు వచ్చిన వైనము తెలిసి మిక్కిలి ఆనందించితిని.

ఆనందం ఇక్కడితో సరి. ఒరేయ్, కంచే చేను మేస్తే ఎవడితో చెప్పుకోవాలిరా? డిపోలో కుర్ర డ్రైవర్లని వరసగా నిలబెట్టి, నా నడుం పట్టీ చూపించి, "మీ వయసులో ముప్పై నాలుగు, ఈ వయసులోనూ ముప్పై నాలుగే" అని నీతులు చెప్పానురా. వాళ్ళు తల దించుకుని నిలబడేవాళ్ళు. గౌరవమనుకున్నాను. నవ్వాపుకోలేక దించుకున్నారని ఇప్పుడు తెలిసింది.

సరే. నాకో ఖాకీ ప్యాంటు కుట్టి పంపు. నడుము ముప్పై నాలుగు. చుక్కా ఎలాస్టిక్కూ దాచిన గుడ్డా ఏమీ ఉండకూడదు. మూడు నెలల తర్వాత పరీక్షకి ఆ ప్యాంటే వేసుకుని వెళ్తాను. ఆవిడ అయిదారు కిలోలంది, నేను ఇరవై తగ్గి చూపిస్తాను. లంఖణం పరమౌషధమని పెద్దలు ఊరికే అన్నారా? ఇవాళ్టి నుంచి పొద్దున నిమ్మరసం, మధ్యాహ్నం నిమ్మరసం, సాయంత్రం ఉత్త నీళ్ళు. ఇంట్లోనేమో డిపోలో తింటున్నానని చెప్పాను. డిపోలో ఇంట్లో తినొచ్చానని చెప్పాను.

ఇట్లు,
చుక్కలు లెక్కపెట్టుకుంటున్న నీ బావ

—

దుకాణం,
మంగళవారం

బావగారికి,

ప్యాంటు పంపుతున్నాను. ఇది నిజం ముప్పై నాలుగు. కుట్టాక బల్ల మీద పరిచి చూస్తే ఎవరో కాలేజీ కుర్రాడిది అనిపించింది. తీరా చూస్తే మీ పెళ్ళి ఫొటోలో ఉన్నాయనది. ఆయన వయసు ఇరవై ఆరు బావగారూ. ఆయన్ని వెనక్కి రప్పించడానికి నలభై నాలుగేళ్ళ మనిషిని మాడిస్తే లాభం లేదు.

లంఖణం జ్వరానికి చెప్పిన మందు. బీపీ మాత్ర వేసుకుని కడుపు మాడ్చుకుంటే కళ్ళు తిరుగుతాయని మందుల షాపాయన అన్నాడు. అక్కకి చెప్పమంటారా? ఆవిడకి తెలీకూడదని మీరు మొదట్లోనే అన్నారు కాబట్టి అడుగుతున్నాను. మీరు ఊఁ అంటే చాలు, మిగతాది నేను చూసుకుంటాను.

మీ బామ్మర్ది

—

ఇల్లు, పెరటి మెట్ల మీద,
మూడు వారాల తర్వాత, ఆదివారం

బామ్మర్దీ,

ఇన్నాళ్ళూ ఉత్తరం రాయలేదు. కోపం వల్ల కాదు, పెన్ను పట్టే ఓపిక లేక. నాలుగు కిలోలు తగ్గాను. నువ్వు పంపిన ప్యాంటు ఇప్పుడు మోకాలు దాటి ఇంకాస్త పైకి వస్తోంది. శుభవార్త అక్కడితో అయిపోయింది.

మొన్న బుధవారం నాలుగో ట్రిప్పులో మార్కెట్టు దగ్గర ఎర్ర దీపం పడితే ఆపాను. చూస్తుండగానే దీపం రెండయింది. రెండూ మెల్లగా పక్కకి జరిగాయి. హ్యాండ్ బ్రేకు లాగి, ఇంజను ఆపి, దిగి రోడ్డు పక్కన కూలబడ్డాను. ఎలా దిగానో ఇప్పటికీ గుర్తు రావడం లేదు. బస్సులో నలభై మంది. "డీజిల్ అయిపోయిందా?", "ఆఫీసుకి టైమైపోతోందయ్యా!", "ఈ బస్సెక్కినప్పుడే అనుకున్నా" అని ఒకటే గోల.

మా కండక్టరమ్మ దిగొచ్చి నా ముఖం చూసింది. "పొద్దున ఏం తిన్నారన్నా?"

"నిమ్మకాయ."

"నిన్న?"

"అదే."

తన క్యారియరు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నలభై మంది చూస్తుండగా నడిరోడ్డు పక్కన సిగ్గు లేకుండా తిన్నాను. అంతా అయిపోయాక గానీ అది ఆవిడ అన్నమని తట్టలేదు. "రిపోర్టులో రాయకమ్మా" అని బతిమాలాను.

"రాస్తానన్నా. ఏమనుకోకండి. మా అమ్మ కూడా ఈ రూటులోనే తిరుగుతుంది" అంది.

నాకు భయమేసిందిరా. సీటు పోతుందని వేసిన భయం వేరు, ఇది వేరు. ఆ దీపం పచ్చగా ఉన్నప్పుడు కళ్ళు తిరిగి ఉంటే?

డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. "నేను తగ్గమన్నాను, మాయమైపోమన్నానా?" అని ఉతికి ఆరేసింది. వారం పాటు బస్సు ముట్టుకోవద్దంది. మూడు నెలల గడువులో మార్పు లేదు. ఒక కాగితం మీద రాసిచ్చింది: మూడు పూటలా వేళకి తినాలి, పళ్ళెంలో సగం కూరగాయలు, పప్పో గుడ్డో ఉండి తీరాలి, ట్రిప్పు ట్రిప్పుకీ తాగే తీపి టీలు మానాలి, రోజూ అరగంట నడవాలి, ఏడు గంటలు నిద్రపోవాలి. "ఇంతేనా?" అన్నాను. "ఇంతే. చేసి చూడండి, ఎంతో తెలుస్తుంది" అంది.

ఈ వారం ఖాళీగా కూర్చుంటే ఒక సంగతి తట్టింది. మా బస్సులో అయిదు అద్దాలున్నాయి. వెనక లారీ కనపడుతుంది, ఎక్కేవాళ్ళు కనపడతారు, దిగేవాళ్ళు కనపడతారు. నేను కనపడేది మాత్రం మెడ దాకానే. ఇంట్లో బీరువా అద్దానికి నేనే తువ్వాలు వేలాడదీస్తాను, ఎన్నేళ్ళుగానో. మీ అక్క తీస్తుంది, నేను మళ్ళీ వేస్తాను. నువ్వు నాకు ముప్పై నాలుగని చెప్పావు గానీ, నమ్మడానికి నేనూ తక్కువ కష్టపడలేదు.

ఇక అసలు దెబ్బ. ఎటూ బయటపడింది కదా అని మీ అక్కకి చుక్కల కథ మొత్తం చెప్పాను. ఆవిడ కూరగాయలు తరుగుతూ తలెత్తకుండా "నాలుగో చుక్క నుంచీ నేనే పెట్టించాను" అంది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు! నువ్వు నీ ఉత్తరంలో ఆవిడ పేరెత్తకుండా తప్పంతా నెత్తినేసుకున్నావు. మెచ్చుకోవాలో తన్నాలో తెలీడం లేదు. ఈ కుటుంబంలో ఇంకా ఎవరెవరు ఏమేం దాస్తున్నారో ఇప్పుడే చెప్పేయండి, ఒక్కసారే విని ఊరుకుంటాను.

మీ బావ

—

దుకాణం,
బుధవారం, తలుపు దగ్గరగా వేసి

బావగారికి,

మీరు క్షేమంగా ఉన్నారు, అది చాలు. ఆ ప్యాంటు కుట్టి పంపినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇంకా ఎవరేం దాస్తున్నారని అడిగారు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. ఆ మాట చదవగానే నేను నిజంగానే భుజాలు తడుముకున్నాను. ఎందుకంటే ఆ భుజాలు నావి కావు.

బడిలో నన్ను అగ్గిపుల్ల అనేవాళ్ళు, మీకు తెలుసు. దుకాణం పెట్టిన కొత్తలో ఒకాయన కోటు కుట్టించుకోవడానికి వచ్చి, నన్ను ఎగాదిగా చూసి, "నీ చొక్కాయే హ్యాంగరుకి వేసినట్టుంది, నాకేం కుడతావ్?" అని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే కోటులో పెట్టే భుజం మెత్తలు రెండు నా చొక్కాలో కుట్టుకున్నాను. పన్నెండేళ్ళయింది. భుజాలకి మెత్తలు, ఛాతీకి ఒక పొర దూది, లోపల రెండు బనియన్లు. ఎండాకాలం ఒళ్ళంతా పేలుతుంది. ఓసారి వానలో తడిసి దుకాణానికొచ్చాను. మెత్తలు పీల్చుకున్న నీళ్ళు మధ్యాహ్నం దాకా నా మోచేతుల మీదుగా కారుతూనే ఉన్నాయి. గిరాకీలకి పైకప్పు కారుతోందని చెప్పాను. దుకాణం అద్దెకిచ్చినాయన వచ్చి పాపం రెండు రేకులు మార్పించాడు.

ఇంకొకటి. పని ఎక్కువుందని మధ్యాహ్నం అన్నం బదులు టీ తాగుతాను. అలా ఎన్నేళ్ళయిందో లెక్కలేదు. సన్నగా పుట్టానని అందరితో అంటాను. సగం అది కూడా అబద్ధమే.

డాక్టరమ్మ రాసిన ఆ కాగితం నకలు ఒకటి నాకూ పంపండి. మీరు తగ్గడానికీ నేను పెరగడానికీ ఒకే కాగితం ఎలా పనిచేస్తుందని నవ్వుతారేమో. నిన్న ఇక్కడి ఆసుపత్రిలో చూపించుకుంటే అక్కడి డాక్టరు కూడా అచ్చం ఇవే మాటలు చెప్పాడు, పళ్ళెం మాత్రం కాస్త పెద్దది చేసుకోమన్నాడు. రక్తం తక్కువగా ఉందట.

మీ బామ్మర్ది

—

డిపో విశ్రాంతి గది,
నెల తర్వాత, గురువారం

ఒరేయ్ అగ్గిపుల్లా,

నకలు పంపినప్పుడు ఉత్తరం రాయలేకపోయాను. నీ ఉత్తరం చదివి నవ్వీ నవ్వీ పొట్ట నొప్పి పుట్టింది. ఆ రేకుల ముక్క మీ అక్కకి చదివి వినిపిస్తే ఆవిడ నవ్వి, ఆ తర్వాత కింది ముక్క తనే తీసుకుని చదివింది. "వాడు మధ్యాహ్నం తినడం లేదా?" అని రెండుసార్లు అడిగింది. ఇకనుంచి రోజూ పన్నెండున్నరకి నీ ఫోను మోగుతుంది. జాగ్రత్త.

ఇక్కడి సంగతులు. వారం తర్వాత నన్ను మళ్ళీ బస్సెక్కించారు. కండక్టరమ్మ ముందు నా క్యారియరు మూత తీసి చూస్తుంది, ఆ తర్వాతే విజిలేస్తుంది. పొద్దున డిపోకి రెండు స్టాపుల ముందు దిగి నడుస్తున్నాను. మొదటి రోజు ఒక ముసలాయన చేతికర్ర పట్టుకుని నన్ను దాటి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఇద్దరం సమానంగా నడుస్తున్నాం. మాటల్లో తేలిందేమిటంటే ఆయన నా బస్సులోనే తొమ్మిదేళ్ళు తిరిగాడట. "ఎప్పుడూ నీ మెడే చూశాను" అన్నాడు.

సాయంత్రం మీ అక్క కూడా నడకకి వస్తోంది. పక్కన నడుద్దామంటే వినదు, నాలుగడుగులు ముందుంటుంది. తీపి టీలు మానడమే నరకంరా. పదిరోజులు అందరి మీదా అరిచాను. హారను కూడా ఎక్కువ కొట్టానని ఫిర్యాదొచ్చింది.

నువ్వు కుట్టిన ముప్పై నాలుగు ప్యాంటుని మీ అక్క కత్తిరించి రెండు కూరగాయల సంచులు చేసింది. అడ్డుపడబోయి ఊరుకున్నాను. ఎంత గట్టి కుట్టో, అయిదు కిలోల బరువు మోస్తోంది.

బరువు వారానికి అరకిలో దిగుతోంది, ఒక్కో వారం అదీ లేదు. ఇంకా మూడు వారాలే ఉంది. లోపల గుబులుగానే ఉంది.

బావ

—

దుకాణం,
సోమవారం

బావగారికి,

రేపే మీ పరీక్ష. ఈ ఉత్తరం పొద్దున మొదటి బస్సుకే ఇస్తున్నాను.

పన్నెండున్నర ఫోను మోగుతూనే ఉంది. "ఏం తిన్నావ్?" అని అడిగి ఊరుకోదు అక్క, నమిలే చప్పుడు వినిపించమంటుంది. రెండు కిలోలు పెరిగాను. ధైర్యం వచ్చి నిన్న మెత్తలన్నీ విప్పేసి, దూది తీసేసి, ఒక్క బనియనుతో దుకాణం తీశాను. పక్క సెలూనాయన పరుగెత్తుకొచ్చి, "అయ్యో, ఏమైందయ్యా, ఒక్కసారిగా ఇలా చిక్కిపోయావు? డాక్టరుకి చూపించుకున్నావా?" అన్నాడు. రెండు కిలోలు పెరిగానంటే నమ్మడే! చివరికి మెత్తలు తెచ్చి చూపించాల్సి వచ్చింది. ఆయన చాలాసేపు చూసి, తలుపు వేసి రమ్మన్నాడు. వచ్చాక తన జుట్టు తీసి చేతిలో పెట్టాడు. పదకొండేళ్ళుగా పక్కపక్కనే ఉన్నాం బావగారూ.

చొక్కా తేలిగ్గా ఉంది. చేతులు పైకెత్తితే గాలి తగులుతోంది. ఎవరైనా చూస్తే మాత్రం ఇంకా కొంచెం బెరుకుగానే ఉంది.

రేపు ఏమైనా సరే, కౌంటరైనా బస్సైనా, మీరు మా బావే. వెంటనే కబురు చేయండి.

మీ బామ్మర్ది

—

డిపో, బస్సులో, డ్రైవరు సీట్లోంచి,
మంగళవారం

బామ్మర్దీ,

ముందే చెప్పేస్తాను, లేకపోతే నువ్వు ఉత్తరం చివరికి ఎగిరి చదువుతావు. సంతకం పెట్టింది. సాయంత్రం బస్సు నాదే.

బీపీ నూట ముప్పై మీద ఎనభై నాలుగు. షుగరు గీత కిందకి దిగింది. బరువు ఎనభై ఎనిమిది. గోడ మీద చార్టు చూస్తే నా ఎత్తుకి అది ఇంకా ఎక్కువే. అదే అడిగాను. "మీ మూడు నెలల కష్టం ఆ చార్టుకి తెలీదు కదా. ఇలాగే తింటూ, నడుస్తూ ఉండండి. తగ్గితే మంచిదే, తగ్గలేదని నిమ్మకాయ పట్టుకుంటే మాత్రం నేనే బస్సు దింపేస్తాను" అంది.

కానీ నీకు చెప్పాల్సింది అది కాదు. నర్సు టేపు తీసింది. అలవాటు కొద్దీ నా పొట్ట దానంతటదే లోపలికి పోయింది. ఆవిడ టేపు చుట్టి ఊరికే నిలబడింది. నేనూ ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఎంతసేపని? గదిలో ఇంకో ఇద్దరు డ్రైవర్లు వరసలో ఉన్నారు, ఒకడు నా అంత ఉంటాడు, ఒకడు నాలో సగం. నేను నీతులు చెప్పిన కుర్రాళ్ళే. వాళ్ళ ముందు వదలాలంటే ప్రాణం పోయినట్టయింది. చివరికి వదిలేశాను. పొట్ట ఎంతుందో అంత బయటికొచ్చింది. "ముప్పై తొమ్మిదిన్నర" అని ఆవిడ పైకే చదివింది. గది కూలిపోలేదు. ఎవరూ నవ్వలేదు. తిరిగి చూస్తే వాళ్ళిద్దరూ, ఆ సగం మనిషితో సహా, ఊపిరి బిగబట్టుకుని నిలబడి ఉన్నారు.

"వదిలేయండ్రా, పరవాలేదు" అన్నాను.

ఆదివారం వస్తున్నాను. వచ్చిన అంకె వచ్చినట్టు రాసి రెండు ప్యాంట్లు కుట్టు.

ఇందాక బస్సెక్కి కూర్చుంటే స్టీరింగుకీ నాకూ మధ్య చెయ్యి పట్టేంత సందు కనపడింది. పొట్టకి చోటివ్వడానికి ఎన్నేళ్ళుగానో సీటు చివరిదాకా వెనక్కి లాగి పెట్టుకున్నాను. ఒక మెట్టు ముందుకి జరిపి చూశాను. ఇంతకాలం బ్రేకుని కాలి వేళ్ళతోనే తొక్కుతున్నానురా, నాకు తెలీనే తెలీదు. ఇవాళ పాదమంతా ఆనింది. కండక్టరమ్మ విజిలేసింది, వెళ్ళాలి.

బావ